రకం అన్న గడిలో

హొళగుంద దాటినాక ఎడమకు తిరిగే మట్టిదోవలో
కందిచేను నడిమధ్య
నా చేత పంచనామా రాపించినారు.
ఊరి వీఆర్వోను. నా రాత గుండ్రంగా ఉంటాదని పేరు.

మొక్కలు ఇరవైమూడు అని రాసినాను.
ఎత్తు నాలుగడుగుల లోపు.
ఎస్సై జేబులో టేపు ఉంది గానీ
కొలిచింది ఉరుకుందప్ప.
బేడీలు ఇంకా పడలేదు అప్పటికి.
జానెడు మీద జానెడు పెట్టి చూపినాడు
సంతలో కోడెదూడను చూపినట్లు.

కందికన్నా పొట్టి. కావాలనే పొట్టి.
కంది నడుమ కందిలాగే నిలబడే బుద్ధి
పదకొండేండ్లు నేర్పినానన్నాడు.
పొడుగు పోయినదాన్ని పీకేసి
పొట్టిదాని విత్తనం దాచి
మళ్ళా అందులో పొట్టిది ఏరి.
వాళ్ళ నాయన కొర్రల్లో ఇట్లనే ఏరేవాడంట.
దూలానికి వేలాడే ఆ కంకుల కోసం
కరువు మరుసటేడు సగం ఊరు వాళ్ళ గడపలోనే ఉండేదంట.
ఇప్పుడు కొర్రలు అడగను ఎవరొస్తారు సార్, అన్నాడు.

వాసనకు గడి లేదు కాగితంలో.
కానిస్టేబుల్ మద్దిలేటి ఆకు నలిపి మూతి తిప్పుకున్నాడు.
అట్లా నలిపితే పలకదు.
పొద్దు పొడిచేలోపల, మంచు ఆరకముందు
గాలికి ఎదురుగా నిలబడాల.
ముందు నిమ్మతొక్క.
దాని వెనక, కాలిన బండ మీద మొదటి చినుకు.
కడాకు కొత్త గోనెసంచి.
ఆ గోనెసంచి వాసన మా హనుమక్కకు తప్ప
ఇంకెవరికీ తగల్లేదు సార్.

మార్గశిరంలో చలి ముదిరితే
కాడ వంకాయ రంగు తిరుగుతాదంట.
మగమొక్కను పువ్వు విచ్చకముందే గుర్తుపట్టి
రాత్రిపూట, బ్యాటరీ లైటుకు అరచెయ్యి అడ్డం పెట్టి
పీకి గుంతలో పూడ్చేవాడంట.
ఒక్కటి మిగిలినా అంతా విత్తనమే, సరుకుండదు.
ఏడు బోర్లలో తడి ఉన్నది ఒకటి.
ఆ తడి కందికి చాలదు. వీటికి చాలు.

బళ్ళారి వైపు నుంచి తెల్ల కారు వచ్చేది ఏడాదికోసారి.
మూటల లెక్క కాదు, సీసాల లెక్క.
ఊరగాయ సీసాలో సగం సరుకుకు
ఎకరా కంది డబ్బు.
ఆ కారాయన ఏదో ఇంగ్లీషు పేరు పెట్టినాడంట
ఉరుకుందప్పకు నోరు తిరగలేదు.

నువ్వు తాగుతావా? ఎస్సై అడిగినాడు.
లేదు సార్, నాకు పొగ పడదు. దగ్గు.
ఎవరు నవ్వినారో గుర్తులేదు. నేనే అయ్యుండొచ్చు.

నా చెల్లెలి కొడుకు ఆదోనిలో
టీ కొట్టు వెనక గోడకానుకొని ఉంటాడు.
వాడు పీల్చేదానికి సీసా లేదు, పేరు లేదు
నిమ్మతొక్క లేదు.
పోయిన శ్రావణంలో నన్ను చూసి, ఎవరు నువ్వు? అన్నాడు.
ఇది కాగితంలో రాయలేదు.
ఉరుకుందప్పకూ చెప్పలేదు.
చెప్పి ఉండాల్సింది.

రకం అన్న గడి వచ్చింది.
తలెత్తినాను.
నేనడగకముందే, నల్లకోడి, అన్నాడు
బడిలో హాజరు పలికే పిల్లోని గొంతుతో.
పేర్లొద్దు, గంజాయి అని రాయి, అన్నాడు ఎస్సై.
గుండ్రంగా రాసినాను.

పత్తి తూచే కాటా తెప్పించినారు.
వేళ్ళతో, మట్టితో ముప్పయ్యొక్క కిలోలు.
మట్టి దులపాలా అని అడిగితే
ఉండనీ, కేసు బరువుగా ఉంటాది, అన్నారు.

అప్పుడు బేడీలు పడినాయి.
అప్పుడే అన్నాడు ఉరుకుందప్ప:
తూర్పు సాలులో ఆరోది, కుంటిది,
దాన్ని మాత్రం మెల్లగా పీకండి. తల్లి అది.

మద్దిలేటి నా వైపు చూసినాడు.
నేను కాగితం వైపు చూసినాను.
వాడు మోకాళ్ళ మీద కూర్చొని
చుట్టూ మన్ను గోకి
రెండు చేతుల్తో పైకెత్తి
తీసుకుపోయి
మిగతావాటి మీదే వేసినాడు.